శివారు చేనుకి నీరందనట్టు: ఇంటి సర్వర్‌కి హార్డ్ డిస్క్ కనపడకపోతే ఎక్కడెక్కడ చూడాలి

"డిస్కు పోయింది బావా" అని మా బావ పాలకొల్లు నుంచి ఫోన్ చేసేసరికి రాత్రి పదకొండు దాటింది. పోవడమంటే ఏమైందని అడిగితే "కనపట్లేదు" అన్నాడు. తిరుగుతోందా అంటే "అదెలా తెలుస్తుంది?" అన్నాడు. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే మదర్ బోర్డు ప్రోగ్రాం) కనిపిస్తోందా అంటే చూడలేదన్నాడు. మరి పోయిందని ఎవరు చెప్పారంటే ఫోల్డర్ ఖాళీగా ఉందట. ఆ డిస్కులో వాళ్ల అమ్మాయి ఓణీల ఫంక్షన్ వీడియోలు, పొలం కాగితాల స్కాన్లు, రొయ్యల చెరువు కెమెరాల రికార్డింగులు ఉన్నాయి. తెల్లారి వెళ్లి చూస్తే డిస్కు నిక్షేపంగా ఉంది. పోయింది మదర్ బోర్డు మీది నలభై రూపాయల బటన్ సెల్లు.

మా ఊరు కాలవ చివర ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర నీళ్లొదిలారని పేపర్లో చదివినంత మాత్రాన మా చేలు తడవవు. అలాగని నీళ్లే లేవని ఇంట్లో కూర్చోం. గట్టు పట్టుకుని పైకి నడుస్తాం. బోదెలో తడి ఉందా, తూము తెరిచే ఉందా, పిల్లకాలవలో ఉందా, పైన లాకుల దగ్గర ఉందా అని చూసుకుంటూ పోతే నీరు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో తెలుస్తుంది. పార పని అక్కడే.

డిస్కు విషయమూ అంతే. కరెంటు అందాలి, లోపలి పళ్లెం తిరగాలి, కేబుల్ మాట మోయాలి, బయోస్ గుర్తుపట్టాలి, ఆపరేటింగ్ సిస్టం చూడాలి, పార్టిషన్ (డిస్కులో గీసుకున్న వాటా) అర్థమవాలి, చివరికి ఫోల్డర్‌కి తగిలించుకోవాలి. మీ డిస్కు వీటిలో ఏ మజిలీ దాటలేదో తేలితే సగం పని అయినట్టే. ఈ వరస తప్పించి "ఏదో ఒకటి చేసి చూద్దాం" అనుకున్నవాళ్లే డేటా పోగొట్టుకుంటారు.

చెయ్యి పెట్టకముందు

మూడు పనులు చెయ్యకండి. ఒకటి, విండోస్ "ఇనిషియలైజ్ చెయ్యమంటారా", "ఫార్మాట్ చెయ్యమంటారా" అని అడిగితే ఒప్పుకోకండి. అది మర్యాదగా అడిగినా చేసేది చెరుపుడు పనే. రెండు, జబ్బు తేలకుండా చెక్‌డిస్క్, ఎఫ్‌ఎస్‌సీకే లాంటి మరమ్మతు కమాండ్లు నడపకండి. అవి ఫైల్ సిస్టం పొందికను బాగుచేస్తాయి, మీ ఫైళ్లను కాపాడాలన్న పట్టింపు వాటికి ఉండదు. మూడు, వచ్చేదాకా ఆన్ చేసి ఆపి, మళ్లీ ఆన్ చేయకండి. పళ్లెం మీది డేటా చదివే హెడ్డు దెబ్బతిన్న డిస్కైతే తిరిగిన ప్రతిసారీ పళ్లెం మీద గీత పడొచ్చు.

తర్వాత మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ డేటాకి ఇంకో కాపీ ఉందా? ఉంటే తాపీగా ప్రయోగాలు చేసుకోవచ్చు. లేకపోతే కింద చెప్పే పనులన్నీ చెయ్యండి గానీ డిస్కును తిప్పే సార్లు లెక్కపెట్టుకోండి.

ఇంకో మాట. ఇక్కడ కమాండ్లను అక్షరాల పేర్లతో రాస్తున్నాను. ఎల్, ఎస్, బి, ఎల్, కె అని ఉంటే ఆ ఐదు ఇంగ్లీషు అక్షరాలను మధ్యలో ఖాళీ లేకుండా చిన్న అక్షరాల్లో కొట్టాలి.

మొదటి మెట్టు: వినండి

గదిలో ఫ్యాను ఆపేయండి. సర్వర్ మూత తీసి, అనుమానం ఉన్న డిస్కు దగ్గర చెవి పెట్టి ఆన్ చెయ్యండి. తొలి పదిహేను సెకన్లలో వినబడేదాన్ని బట్టే చాలా సంగతి తెలిసిపోతుంది.

సన్నగా "ఊఁ..." అంటూ వేగం పుంజుకుని, ఒకటి రెండు సార్లు టిక్కుమని, తర్వాత నిలకడగా తిరుగుతుంటే కరెంటు అందుతోంది, మోటారు బాగుంది, హెడ్డు బయటికి వచ్చింది. కాబట్టి తప్పు కేబుల్లోనో ఆపైనో ఉంది. ఇది మంచి వార్త.

చప్పుడే లేకపోతే డిస్కు మీద వేలు ఆనించి చూడండి. కొత్త డిస్కులు పెద్దగా చప్పుడు లేకుండా తిరుగుతాయి, చెవికి అందకపోయినా వేలికి వణుకు తెలుస్తుంది. వేలికీ తెలియకపోతే కరెంటు అందట్లేదు, లేదా డిస్కు అడుగున ఉండే చిన్న సర్క్యూట్ బోర్డు కాలింది. ముందు మొదటిదే అనుమానించండి.

టక్, టక్, టక్ అని ఒకే తాళంలో కొట్టుకుని కాసేపటికి ఆగిపోతే సాధారణంగా హెడ్డు జబ్బు. అలసిపోయిన ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై డబ్బా) 12 వోల్టులు సరిగ్గా ఇవ్వకపోయినా ఇదే చప్పుడు రావచ్చు. కాబట్టి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బాగున్న వేరే పవర్ సప్లై మీద పెట్టి చూడండి. అప్పుడూ అదే చప్పుడైతే తీగ పీకేసి పక్కన పెట్టండి. ఇక మీ ఇంట్లో చేయగలిగింది లేదు.

సన్నగా బీప్ బీప్ అని మూలిగితే మోటారు తిరగాలని చూసి తిరగలేకపోతోంది. హెడ్డు పళ్లేనికి అతుక్కుపోయి ఉండొచ్చు, బేరింగు పట్టేసి ఉండొచ్చు. ఇలాంటి డిస్కును బల్లకేసి తట్టమనో ఫ్రిజ్‌లో పెట్టమనో చెప్పే సలహాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగ గ్లాసు మన గాల్లో అర నిమిషంలో ఎలా చెమ్మగిల్లుతుందో రోజూ చూసేవాళ్లం. ఆ చెమ్మ డిస్కు లోపల పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

రెండో మెట్టు: కరెంటు

డెల్టాలో ఇంటి సర్వర్లకు వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయని నా అనుభవం. భీమవరం, ఆకివీడు, ఉండి వైపు ఒకే లైన్ మీద చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు వరసగా ఆన్ అయినప్పుడు ఇంట్లో ట్యూబ్‌లైటు ఎలా నీరసపడుతుందో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ నీరసం సర్వర్‌కీ తగులుతుంది.

మూడున్నర అంగుళాల డిస్కుకి రెండు రకాల కరెంటు కావాలి. సర్క్యూట్ బోర్డుకి 5 వోల్టులు, మోటారుకి 12 వోల్టులు. నిశ్చలంగా ఉన్న పళ్లెం వేగం అందుకునే ఆ కొన్ని సెకన్లలో 12 వోల్టుల లైన్ మీద ఒక్కో డిస్కు సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. తిరగడం మొదలయ్యాక అందులో చిన్న భాగం చాలు. అందుకే సర్వర్ నడుస్తున్నప్పుడు బాగుండి, కరెంటు పోయి వచ్చాక డిస్కు మాయమైందంటే ముందు పవర్ సప్లైని అనుమానించాలి. నాలుగు డిస్కులూ ఒకేసారి లేచే ఆ క్షణంలో పాత ఎస్‌ఎంపీఎస్ చేతులెత్తేస్తుంది, నాలుగోది లేవదు.

పరీక్ష సులువే. మిగతా డిస్కులన్నిటికీ పవర్ తీగలు పీకి, కనపడని డిస్కు ఒక్కదాన్నే ఉంచి ఆన్ చెయ్యండి. లేచి కూర్చుందంటే డిస్కులో తప్పు లేదు, సప్లై చాలట్లేదు. మల్టీమీటర్ ఉంటే నాలుగు రంధ్రాల పాత మోలెక్స్ కనెక్టర్‌లో పసుపు తీగకీ నలుపు తీగకీ మధ్య కొలవండి. 11.4 నుంచి 12.6 లోపు ఉండాలి. ఎరుపుకీ నలుపుకీ మధ్య 4.75 నుంచి 5.25 లోపు ఉండాలి. డిస్కులు లేచేటప్పుడే కొలవాలి సుమా, ఖాళీగా ఉన్నప్పుడు ఏ సప్లై అయినా బుద్ధిగానే కనిపిస్తుంది.

ఒక తీగని రెండుగా, నాలుగుగా చీల్చే స్ప్లిటర్ల గురించి రెండు మాటలు. సాటా (డిస్కులు తగిలించే ఇప్పటి పద్ధతి) పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకు మూడు పిన్నులే ఉంటాయి, ఒక్కో పిన్ను ఒకటిన్నర ఆంపియర్ మోస్తుంది, అంటే మొత్తం 4.5. దాన్ని నాలుగు డిస్కులకి చీలిస్తే లేచేటప్పుడు 8 దాకా లాగుతాయి. లెక్క మీరే వేసుకోండి. స్ప్లిటర్ తప్పనిసరైతే మోలెక్స్ నుంచి చీల్చేది తీసుకోండి, అందులోనూ తీగలు ప్లాస్టిక్‌లో కరిగించి పోత పోసిన రకం వద్దు. ఆ ప్లాస్టిక్ లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన సందర్భాలున్నాయి. తీగలు విడివిడిగా లోపలికి దిగి, వెనక మూత తీస్తే కనిపించే రకం మేలు.

దీనికంటే ఘోరమైన పొరపాటు ఇంకొకటుంది. తీగలు ఊడదీసే రకం ఎస్‌ఎంపీఎస్ మార్చినప్పుడు, పాతదాని తీగలు కొత్తదానికి సరిపోయాయి కదా అని అవే వాడేస్తారు. డిస్కు వైపు కొస అన్నిటికీ ఒకటే, సప్లై వైపు మాత్రం ఒక్కో కంపెనీది ఒక్కో అమరిక. 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్తే తగిలించిన డిస్కులన్నీ ఒక్క క్షణంలో కాలిపోతాయి. ఏ సప్లైతో వచ్చిన తీగలు ఆ సప్లైకే.

ఇన్వర్టర్ మీద సర్వర్ నడిపేవాళ్లు వెనకాల చిన్న స్విచ్ చూడండి. చాలావాటికి "యూపీఎస్" అనీ "నార్మల్" అనీ రెండు స్థానాలు ఉంటాయి. నార్మల్‌లో ఉంటే వోల్టేజీ బాగా పడిపోయినా అదే పడిపోయిన కరెంటును సర్వర్‌కి పంపిస్తూ ఉంటుంది, మారే సమయమూ ఎక్కువ. యూపీఎస్ స్థానంలో పెడితే సుమారు 180 కిందికి దిగగానే బ్యాటరీకి మారుతుంది. కంప్యూటర్ పవర్ సప్లై కరెంటు లేకుండా తట్టుకోగలిగేది సెకనులో అరవయ్యో వంతు మాత్రమే. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? ఎర్తింగ్ లేదన్నమాట. తీరం వైపు ఇళ్లలో ఎర్త్ పైపు నేలలోనే తుప్పు పట్టి తెగిపోతుంది, బోర్డులో మూడో రంధ్రం అలంకారానికి మిగులుతుంది. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, డిస్కు సంగతి తర్వాత.

మూడో మెట్టు: చిలుము, చెమ్మ, చీమలు

అంతర్వేది, ఓడలరేవు వైపు కిటికీ ఊచలు ఎన్నాళ్లలో పొట్టు రేగుతాయో అక్కడివాళ్లను అడగండి. ఉప్పుగాలికి ఇనుమే ఆగనప్పుడు కనెక్టర్ లోపలి రేకు పిన్నులు ఏం ఆగుతాయి? పిన్నుల మీద బంగారు పూత ఉంటుంది నిజమే, చవక కేబుళ్లలో అది పేరుకే. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే నా సర్వర్‌లో రెండో డిస్కు అలిగేది. కేబుల్ పీకి మళ్లీ పెడితే మామూలే. అలా ఏడాది పాటు పీకి పెడుతూ బతికాను, కొత్త కేబుల్ కొనాలన్న బుద్ధి పుట్టడానికి అంత కాలం పట్టింది.

కాబట్టి సర్వర్ ఆపి, గోడ ప్లగ్గు కూడా పీకేసి, ఈ పని చెయ్యండి. డేటా కేబుల్‌ని (ఏడు పిన్నుల సన్నది) రెండు కొసలా ఊడదీయండి, పవర్ కేబుల్‌ని (పదిహేను పిన్నుల వెడల్పుది) కూడా. టార్చి వేసి పిన్నులు చూడండి. పచ్చగా, నల్లగా కనిపిస్తే చిలుము. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని మెత్తటి బ్రష్షుతో అద్ది తుడిచి, పది నిమిషాలు ఆరనివ్వండి. చేతులు రుద్దుకునే శానిటైజర్ వద్దు, అందులో నీళ్లు, జిగురు ఉంటాయి. డేటా కేబుల్‌ని మాత్రం శుభ్రం చెయ్యడం దేనికి, కొత్తది వేసేయండి. కొసన చిన్న రేకు క్లిప్పు ఉండి టక్కున పట్టేది తీసుకోండి. పొడవు మీటరు దాటకూడదు, అరమీటరు చాలు.

క్యాబినెట్ లోపల ఎర్రచీమలు, బల్లి గుడ్లు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. వెచ్చగా, చీకటిగా ఉంటుంది, వాటికది ఏసీ గది. ఎస్‌ఎంపీఎస్‌లో బల్లి దూరి ఫ్యూజు ఎగిరిన సర్వర్‌ని నేను చూశాను. వెనక ఖాళీ కంతలకు దోమతెర ముక్క అతికిస్తే చాలు, గాలి ఆగదు.

డిస్కు మీద చిన్న రంధ్రం, పక్కన "దీన్ని మూయవద్దు" అన్న హెచ్చరిక ఉంటాయి. గాలి నింపిన డిస్కులకు అది ముక్కు. లోపలి ఒత్తిడి, బయటి ఒత్తిడి సమానంగా ఉండటానికి. దుమ్ము పోతోందని టేపు వెయ్యకండి.

ఇప్పుడు అసలు పరీక్ష. బాగున్న డిస్కు కేబుల్, పోర్టు తీసి కనపడని డిస్కుకి పెట్టండి. కనపడని డిస్కుది బాగున్నదానికి పెట్టండి. జబ్బు డిస్కు వెంట వెళ్లిందా, కేబుల్ వెంటే ఉండిపోయిందా? ఒకసారికి ఒక్కటే మార్చండి. అన్నీ కలిపి మార్చేస్తే డిస్కు కనపడినా ఏది తప్పో తెలియదు, మళ్లీ మొదటికొస్తారు.

ఎక్స్‌టర్నల్ డబ్బా పగలగొట్టి తీసిన డిస్కా?

విడిగా కొనే డిస్కు కంటే యూఎస్‌బీ డబ్బాలో వచ్చేది కొన్నిసార్లు చవకగా దొరుకుతుంది. అందుకని డబ్బా విప్పి లోపలి డిస్కును సర్వర్‌లో పెడతారు. పెట్టగానే చప్పుడు లేదు, కదలిక లేదు. డిస్కు చచ్చిందని తిరిగి ఇచ్చేద్దామంటే డబ్బా పగిలింది!

అది చావలేదు. 2016లో వచ్చిన సాటా 3.3 ప్రమాణంలో పవర్ కనెక్టర్ మూడో పిన్నుకి కొత్త పని ఇచ్చారు. ఆ పిన్ను మీద 3.3 వోల్టులు ఉంటే డిస్కు నిద్రపోవాలి. పెద్ద సర్వర్ గదుల్లో దూరం నుంచి డిస్కును ఆపి లేపడానికి ఆ ఏర్పాటు. మన పాత ఎస్‌ఎంపీఎస్‌లు ఆ పిన్ను మీద ఎప్పుడూ 3.3 ఇస్తూనే ఉంటాయి, డిస్కు విధేయంగా నిద్రపోతూనే ఉంటుంది. మందు: డిస్కు పవర్ పిన్నుల్లో డేటా కనెక్టర్ వైపు నుంచి మొదటి మూడింటిని కాప్టన్ టేపు (వేడికి తట్టుకునే, కరెంటు పారనివ్వని టేపు) సన్నటి ముక్కతో కప్పేయండి. లేదా మోలెక్స్ నుంచి సాటాకి మార్చే తీగ వాడండి, మోలెక్స్‌లో 3.3 అసలు ఉండదు. సెల్లోటేపు వద్దు, వేడికి జిగురు కారుతుంది.

ఇక అప్పటికే డబ్బాలో ఉండగా డేటా నింపిన డిస్కుని బయటికి తీస్తే ఇంకో తిరకాసు. కొన్ని డబ్బాల్లోని చిన్న బోర్డు డేటాని తానే తాళం వేసి రాస్తుంది. మరికొన్ని సెక్టారు (డిస్కు మీద డేటా రాసే చిన్న గడి) పరిమాణాన్ని మార్చి చూపిస్తాయి. ఆ బోర్డు లేకుండా నేరుగా సాటాకి పెడితే డిస్కు ఖాళీగా కనిపిస్తుంది. కంగారుపడి ఫార్మాట్ చెయ్యకండి, మళ్లీ అదే డబ్బాలో పెట్టి కాపీ తీసుకోండి.

నాలుగో మెట్టు: బయోస్

డిస్కు తిరుగుతోంది, కేబుల్ కొత్తది, అయినా లేదు. అప్పుడు ఆన్ చేసి డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లండి.

ముందు తేదీ చూడండి. ఏ 2012నో 2015నో చూపిస్తుంటే మదర్ బోర్డు మీది సీఆర్2032 సెల్లు అయిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా బయోస్ తన అమరికలన్నీ మరిచిపోయి కంపెనీ ఇచ్చిన స్థితికి వెళ్లిపోతుంది. మీరు ఏహెచ్‌సీఐలో (సాటా డిస్కులతో మాట్లాడే మామూలు పద్ధతి) పెట్టుకున్న సాటా మోడ్, పాత పద్ధతి ఐడీఈకో డిస్కుల్ని జట్టు కట్టే రెయిడ్‌కో మారిపోతుంది, డిస్కులు మాయం. మా బావ ఇంట్లో జరిగింది ఇదే. సెల్లు మార్చి, మోడ్ మళ్లీ ఏహెచ్‌సీఐకి తెచ్చి, సేవ్ చేసి బయటికి రండి. పాత ఆఫీసు కంప్యూటర్లు కొని సర్వర్ చేసుకున్నవాళ్లు ఈ సెల్లుని రెండు మూడేళ్లకోసారి అడగకుండానే మార్చేయడం మంచిది.

తర్వాత ఒక్కో పోర్టూ ఎనేబుల్ అయి ఉందో లేదో చూడండి. ఈమధ్యే ఎం.2 స్లాట్‌లో (ఎస్‌ఎస్‌డీని నేరుగా బోర్డుకి గుచ్చే చోటు) కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టారా? చాలా మదర్ బోర్డుల్లో ఆ స్లాటూ ఒకటో రెండో సాటా పోర్టులూ ఒకే దారి పంచుకుంటాయి. ఎస్‌ఎస్‌డీ వచ్చి కూర్చోగానే ఆ పోర్టులు మూతపడతాయి. ఏవి పడతాయో బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది. డిస్కుని వేరే పోర్టుకి మార్చండి, అంతే.

బయోస్‌లో పేరు వచ్చి, సామర్థ్యం సున్నా అనో తప్పుగానో చూపిస్తే అది వేరే కథ. డిస్కు తన సొంత చిట్టా తానే చదువుకోలేకపోతోంది. ఆపేసి, కాపీ లేకపోతే రికవరీ వాళ్ల దగ్గరికే.

ఐదో మెట్టు: ఆపరేటింగ్ సిస్టం చూస్తోందా

లైనక్స్ మీద నడిచే సర్వర్ అయితే (ఉబుంటు, ఓపెన్ మీడియా వాల్ట్, ట్రూనాస్ స్కేల్ అన్నీ ఆ కోవే) టెర్మినల్ తెరిచి ఎల్, ఎస్, బి, ఎల్, కె కొట్టండి. డిస్కులన్నీ చెట్టు కొమ్మల్లా వరసగా వస్తాయి. మీది సామర్థ్యంతో సహా కనిపిస్తే కింది మెట్టుకి దిగండి.

లేకపోతే డి, ఎం, ఇ, ఎస్, జి కొట్టండి. లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్ దినచర్య అంతా వస్తుంది. అందులో "సాటా లింక్ డౌన్" అని ఉంటే ఆ పోర్టుకి అవతలి వైపు ఎవరూ పలకలేదని అర్థం. అక్కడ డిస్కు ఉండి కూడా అలా వస్తే మళ్లీ కేబుల్, కరెంటు. "కామ్‌రీసెట్ ఫెయిల్డ్" అంటే పిలిచినా జవాబు రాలేదని. లింకు వేగం ముందు 6 గిగాబిట్లని, తర్వాత 3 అని, తర్వాత 1.5 అని దిగుతూ పోతే కేబుల్లో మాట చెదిరిపోతోంది. గతుకుల రోడ్డు మీద గేరు దించుకుంటూ వెళ్లినట్టు. "ఐ ఓ ఎర్రర్" పక్కన సెక్టార్ నంబర్లు వరసగా వస్తే డిస్కు పళ్లెమే దెబ్బతింది.

విండోస్ అయితే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. "ఆఫ్‌లైన్" అని ఉంటే కుడి క్లిక్కుతో ఆన్‌లైన్ చెయ్యొచ్చు, ప్రమాదం లేదు. "నాట్ ఇనిషియలైజ్డ్" అని ఉండి, అందులో మీ డేటా ఉండాల్సిందైతే ఏదీ నొక్కకుండా కిటికీ మూసేయండి. లైనక్స్‌లో ఫార్మాట్ చేసిన డిస్కుని విండోస్‌కి తగిలించినా ఇలాంటి ప్రశ్నలే వేస్తుంది, అది చదవలేని లిపి చూసి కాగితం ఖాళీ అన్నట్టు.

యూఎస్‌బీ డిస్కులు, రాస్ప్‌బెర్రీ పై

రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతంత కంప్యూటర్‌లో నాలుగు యూఎస్‌బీ పోర్టులూ కలిపి ఇవ్వగలిగేది 1.2 ఆంపియర్లు. పై 5కి 3 ఆంపియర్ల అడాప్టర్ పెడితే 0.6 మాత్రమే, 5 ఆంపియర్లది పెడితే 1.6. రెండున్నర అంగుళాల ఎక్స్‌టర్నల్ డిస్కు లేచేటప్పుడు ఒక్కటే సుమారు 1 ఆంపియర్ అడగొచ్చు. అందుకే ఒకటి కనిపిస్తుంది, రెండోది తగిలించగానే రెండూ పోతాయి. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టడమే దారి. ఫోన్ చార్జర్‌తో పై నడిపేవాళ్లు ముందు ఆ చార్జర్ మార్చండి.

మూడున్నర అంగుళాల డబ్బాలకి 12 వోల్టుల అడాప్టర్ వస్తుంది. లాప్‌టాప్‌ది 19 వోల్టులు. పిన్ను ఒకేలా ఉందని అది గుచ్చితే డిస్కు బోర్డు మీది రక్షణ డయోడ్ తనని తాను బలిచ్చుకుంటుంది, ఆపైన డిస్కు కదలదు. అదే మోడల్ పాత డిస్కు బోర్డు తెచ్చి మార్చేద్దామంటే కుదరదు. ప్రతి డిస్కు సొంత లెక్కలూ దాని బోర్డు మీది చిన్న చిప్పులో ఉంటాయి. ఆ చిప్పు కూడా మార్చగలిగిన చేతికే ఇవ్వాలి.

ఆరో మెట్టు: డిస్కుంది, డేటా లేదు

ఎల్, ఎస్, బి, ఎల్, కె కొడితే డిస్కు వచ్చింది గానీ ఫోల్డర్ ఖాళీ. ఎక్కువసార్లు ఇది మౌంట్ కాకపోవడమే, అంటే డిస్కు ఫోల్డర్‌కి తగులుకోకపోవడమే. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు నిలకడ లేనివి, ఈసారి ఏ డిస్కు ముందు లేస్తే దానికి ఆ పేరు. ఏ డిస్కు ఏ ఫోల్డర్‌కో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో ఆ పేర్లు రాసుకున్నవాళ్లు కొత్త డిస్కు పెట్టగానే తికమక పడతారు. బి, ఎల్, కె, ఐ, డి కమాండ్ ఇస్తే ప్రతి పార్టిషన్‌కీ పొడవాటి యూయూఐడీ (పేరు మారినా మారని గుర్తింపు) చూపిస్తుంది. అది రాయండి. పక్కన "నోఫెయిల్" అని చేర్చండి, లేకపోతే ఒక డిస్కు లేవని రోజున సర్వర్ మొత్తం లేవడం మానేసి ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుంటుంది.

నోఫెయిల్ పెట్టినవాళ్లకో హెచ్చరిక. డిస్కు మౌంట్ కాకపోయినా ఆ ఫోల్డర్ పేరు మాత్రం అక్కడే ఉంటుంది. రాత్రి బ్యాకప్ వచ్చి, అదే డిస్కనుకుని సిస్టం ఉన్న చిన్న ఎస్‌ఎస్‌డీలో పోసేస్తుంది. తెల్లారేసరికి అది నిండి సర్వర్ స్తంభిస్తుంది.

అదే కమాండ్ జవాబులో రకం దగ్గర "జెడ్ఎఫ్ఎస్ మెంబర్", "లైనక్స్ రెయిడ్ మెంబర్", "ఎల్వీఎం2 మెంబర్", "క్రిప్టో లక్స్" ఇలాంటివి కనిపిస్తే అది విడి డిస్కు కాదు, జట్టులో ఒకటి, లేదా తాళం వేసినది. దాన్ని మామూలుగా మౌంట్ చెయ్యబోతే కుదరదు. జెడ్ఎఫ్ఎస్ అయితే జెడ్‌పూల్ ఇంపోర్ట్, రెయిడ్ అయితే ఎండీఏడీఎం అసెంబుల్ స్కాన్. రెండింటిలోనూ "క్రియేట్" అన్న మాట జోలికి పోవద్దు. అసెంబుల్ అంటే ఉన్నవాళ్లని పిలవడం, క్రియేట్ అంటే పాతవాళ్లని తుడిచి కొత్త జట్టు కట్టడం.

ఏడో మెట్టు: నమ్మాలా వద్దా

డిస్కు తిరిగొచ్చింది. వెంటనే ఎస్, ఎం, ఎ, ఆర్, టి, సి, టి, ఎల్ కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత ఎ, మళ్లీ ఖాళీ వదిలి డిస్కు పేరు ఇవ్వండి. యూఎస్‌బీ డిస్కు పలకకపోతే "అడ్డగీత డి, ఖాళీ, శాట్" చేర్చండి. వచ్చే పెద్ద పట్టికలో నాలుగు వరసలు చాలు: 5, 197, 198, 199.

5 అంటే పాడైన సెక్టార్లకు బదులు వాడిన అదనపువి. 197 అంటే చదవలేక వాయిదా వేసినవి. 198 అంటే ఎంత ప్రయత్నించినా రానివి. ఈ మూడింటి ముడి విలువ (రా వాల్యూ అన్న వరస) సున్నా ఉండాలి. 5 దగ్గర చిన్న అంకె ఉండి నెలల తరబడి కదలకపోతే నేనైతే పట్టించుకోను. వారం వారం పెరుగుతుంటే కొత్త డిస్కు కొనండి. 197 సున్నా దాటితే ఆ రోజే కాపీ తియ్యండి.

199 మాత్రం డిస్కు పాపం కాదు. అది కేబుల్లో చెదిరిన మాటల లెక్క. ఒకసారి ఎక్కిన అంకె దిగదు, కాబట్టి పాత లెక్క చూసి భయపడకండి. కేబుల్ మార్చిన రోజు అంకె రాసిపెట్టుకుని, పది రోజుల తర్వాత పెరిగిందో లేదో చూడండి. మంచి డిస్కుల్ని ఈ అంకె చూసి పారేసినవాళ్లున్నారు.

పళ్లెం దెబ్బతిన్న డిస్కు నుంచి డేటా తియ్యాలంటే ఫైళ్లు లాగి అతికించకండి. డీడీరెస్క్యూ వాడండి. అది మొదటి విడతలో సులువుగా వచ్చేవన్నీ ఇంకో డిస్కుకి దించి, మొండికేసిన సెక్టార్లను చివరికి వదిలేస్తుంది. మ్యాప్ ఫైల్ పేరు తప్పకుండా ఇవ్వండి. మధ్యలో కరెంటు పోతే, పోతుంది కూడా, ఆ ఫైల్ చూసుకుని ఆగిన చోట నుంచే మొదలుపెడుతుంది. మరమ్మతులు ఏవైనా ఆ కాపీ మీద చెయ్యండి, అసలు మీద కాదు.

వరద నీళ్లలో తడిసినదైతే

1996 నవంబరు 6 రాత్రిని కోనసీమలో పెద్దవాళ్లు మరిచిపోలేదు. 2018 డిసెంబరులో పెథాయ్ కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. లంక గ్రామాలకు గోదావరి నీళ్లు ఇంట్లోకి రావడం కొత్త కాదు. మునిగిన డిస్కు ఆరిందనిపించినా ఆన్ చెయ్యొద్దు. గాలి రంధ్రంలోంచి దిగిన బురద నీరు లోపల ఎండి పొర కడుతుంది, తిరిగిన తొలి క్షణంలో హెడ్డు ఆ పొర మీద గీసుకుపోతుంది. ఎండలో, బియ్యంలో పెట్టకండి. తడిగుడ్డతో పాటు గాలి చొరబడని సంచిలో వేసి, ఎండిపోకముందే రికవరీ ల్యాబ్‌కి చేర్చాలి. ఎండిన బురద కంటే తడి బురద కడగడం సులువు.

ల్యాబ్ అంటే శుభ్రమైన గదిలో డిస్కు విప్పేవాళ్లు. వీధి చివర షాపులో ఫ్యాను కింద మూత తీస్తానంటే ఇవ్వకండి. తీసుకునేముందు పరీక్షకి ఎంత, డేటా రాకపోతే ఎంత అని కాగితం మీద రాయించుకోండి. పంపేటప్పుడు యాంటీ స్టాటిక్ సంచిలో పెట్టి, చుట్టూ రెండంగుళాల మందాన నురగ షీటు కట్టండి. థర్మాకోల్ గుళికలు వద్దు, స్థిర విద్యుత్తు పుడుతుంది.

పెట్టె మూసేముందు

ప్రతి డిస్కు అంచున సీరియల్ నంబరు చివరి నాలుగు అక్షరాలు రాసి చీటీ అంటించండి. నాలుగు డిస్కుల్లో ఏది లేవలేదో స్క్రీన్ చెబుతుంది గానీ క్యాబినెట్ చెప్పదు. ఒకసారి నేను తొందరలో బాగున్న డిస్కు పీకి, రెయిడ్‌ని రెండో కాలు మీద నుంచి కూడా పడగొట్టాను. సర్వర్‌ని నేల మీద నుంచి అడుగున్నర ఎత్తులో, బయటి గోడకి ఆనకుండా పెట్టండి. ఆ గోడే వానాకాలంలో చెమ్మ పీలుస్తుంది. విడి డిస్కు, రెండు కొత్త సాటా కేబుళ్లు, ఒక సీఆర్2032 సెల్లు, కాప్టన్ టేపు, గుప్పెడు సిలికా జెల్ సంచులు. మా ఇంట్లో ఇవన్నీ ఒక పాత బిస్కట్ డబ్బాలో ఉంటాయి, మూత మీద మా అమ్మ "జంతికలు కాదు" అని రాసి పెట్టింది.